అక్షరాలు వచ్చేశాయా?

“ఆంటీ, మా వాడికి అక్షరాలన్నీ వచ్చేశాయి. చదవడమే రావట్లేదు.”

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున గంటన్నర సేపు పిల్లలకు తెలుగు చెబుతుంటాను. కొత్త పిల్లలు చేరినప్పుడల్లా ఈ మాట వినాల్సిందే. కిందటేడు ఓ ఐదేళ్ళ బాబును తీసుకొచ్చిన వాళ్ళమ్మ కూడా ఇదే అంది. సరేనని వాడిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అ నుంచి ఱ దాకా ఎక్స్‌ప్రెస్ రైలులా ఎక్కడా ఆగకుండా చెప్పేశాడు. పలక ఇస్తే వరసగా రాసేశాడు కూడా. చార్టులో ‘డ’ మీద వేలు పెట్టి “ఇదేంటి నాన్నా?” అన్నాను. పెదాలు కదిలాయి. క ఖ గ ఘ ఙ, చ ఛ జ ఝ ఞ, ట ఠ... లోలోపల మొదటినుంచీ పాడుకుంటూ వచ్చి డ దగ్గర దిగాడు.

వాడికి వచ్చినది పాట. పాట రావడం మంచిదే, కానీ చదవడానికి అది చాలదు.

‘అక్షరాలు రావడం’ అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, అందులో మూడు పనులున్నాయి. గీతను చూసి ఇది ఫలానాదని పోల్చుకోవడం కంటి పని. ఆ గీతకు ఒక శబ్దాన్ని ముడివేయడం చెవి పని. దాన్ని మళ్ళీ గీయడం చేతి పని. ఈ మూడూ ఒకే వయసులో, ఒకే వేగంతో రావు. చెయ్యి అన్నిటికన్నా వెనక నడుస్తుంది. మనమేమో మూడింటినీ ఒకే కాడికి కట్టి ‘రోజుకో అక్షరం, అక్షరానికో పేజీ’ అని తోలుతాం. కంటికి పదిహేను అక్షరాలు తెలిసిన పిల్ల, చెయ్యి ఇంకా ‘ఇ’ దగ్గర తంటాలు పడుతోందని తనూ అక్కడే ఆగిపోతుంది. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు.

ముందు చెయ్యి సంగతి

పసిబిడ్డ మణికట్టులో ఎనిమిది ఎముకలూ పుట్టేనాటికి ఇంకా ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి ముక్కలు. ఒక్కొక్కటే గట్టిపడుతూ అన్నీ పూర్తయ్యేసరికి పన్నెండేళ్ళు కావస్తాయి. పెన్సిల్‌ను మొదట గుప్పిట్లో పట్టుకుంటారు, తర్వాత వేళ్ళన్నిటితో, ఐదారేళ్ళకు గానీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి దాన్ని తేలిగ్గా ఆడించవు. సుమారు మూడేళ్ళకు సున్న, నాలుగేళ్ళకు కూడిక గుర్తు, తర్వాత చతురస్రం, ఐదేళ్ళ ప్రాంతంలో త్రిభుజం చూసి వేయగలరని పిల్లల ఎదుగుదలను చూసే నిపుణులు లెక్క పెట్టుకుంటారు.

ఈ లెక్కను మన అక్షరాల పక్కన పెట్టి చూడండి. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో సగం నిలువు, అడ్డం, ఏటవాలు గీతలే. తెలుగులో నిటారు గీత దాదాపు లేదు. అంతా సున్నలు, అరసున్నలు, మెలికలు. తాటాకు మీద గంటంతో సూటి గీత గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి మన లిపి గుండ్రబడిందని పెద్దలు చెబుతుంటారు. సున్న మూడేళ్ళకే వస్తుందిగా అంటారేమో. ఒక సున్న చుట్టి వదిలేయడం వేరు. చెయ్యెత్తకుండా దాంట్లోంచి ఇంకో మెలికలోకి వెళ్ళి, సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడం వేరు. నమ్మకం లేకపోతే ఎడం చేత్తో (ఎడంచేతివాటం వాళ్ళయితే కుడి చేత్తో) ఒక ‘ఇ’, ఒక ‘ఖ’ రాసి చూడండి. నాలుగేళ్ళ పిల్ల పరిస్థితి అదే.

అందుకని నాలుగేళ్ళ వాళ్ళకు నేను పెన్సిల్ ఇవ్వను. మాది మదనపల్లె వైపు. అక్కడ సంక్రాంతి రోజుల్లో పితికిన పప్పు చేస్తాం. అదే బెంగళూరులో హితికిద అవరెబేళె. చలికాలం వచ్చిందంటే ఇక్కడి బజార్లలో అనపకాయల వాసనే వాసన. నానిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు టప్పున బయటికి దూకుతుంది. పిల్లలకు అంతకన్నా ఆట ఏముంది? డిసెంబరు, జనవరిలో నా క్లాసులో ఒక గిన్నె నానిన గింజలు ఉండి తీరతాయి. అరగంట పితికితే, పెన్సిల్ పట్టుకోవడానికి ఏ వేళ్ళు కావాలో ఆ వేళ్ళకే కసరత్తు. చిటికెడు పిండితో ముగ్గు వేయడమూ ఇలాంటిదే. ఓ తండ్రి మాత్రం “అక్షరాలు నేర్పుతారని పంపితే పప్పు ఒలిపిస్తున్నారేంటండీ” అన్నాడు. తర్వాత ఆయనే కిలో అనపకాయలు తెచ్చిచ్చాడు.

పెన్సిల్‌కు ముందు పలకా బలపం. బలపానికి పలక మీద కాస్త రాపిడి ఉంటుంది, చెయ్యి ఎటు పోతోందో వేళ్ళకు తెలుస్తుంది. నున్నటి వైట్‌బోర్డు మీద మార్కర్ జారిపోతుంది. క్రేయాన్లయితే కొత్తవి పొడుగ్గా ఉన్నవాటికన్నా విరిగిన పొట్టి ముక్కలు నయం. పొట్టి ముక్కను గుప్పిట్లో పట్టుకోవడం కుదరదు, మూడు వేళ్ళూ వాటంతటవే దగ్గరికొస్తాయి. ఎడమ చేత్తో రాసే పిల్లల్ని కుడికి మార్చే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. పలకను కాస్త కుడివైపు వంచి పెడితే చాలు.

ఇక చుక్కల అక్షరాల వర్క్‌షీట్లు. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో పిల్ల వేలు పట్టి ‘ఓం నమః శివాయ’ రాయిస్తాం కదా, ‘ఓనమాలు’ అన్న మాటే అక్కడినుంచి వచ్చింది. ఆ తర్వాత పెద్దవాళ్ళు పలక మీద పెద్ద అక్షరం రాసిస్తే పిల్లలు దాని మీదే పదిసార్లు దిద్దేవాళ్ళు. చెయ్యి ఎటు మొదలై ఎటు తిరగాలో తెలియడానికి దిద్దడం మంచి పద్ధతే. తంటా ఎక్కడంటే, అక్కడే ఉండిపోవడం. 2012లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కెరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని ఐదేళ్ళ ప్రాయం పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఇంగ్లీషు అక్షరాలను కొన్ని చూసి సొంతంగా రాయించారు, కొన్ని చుక్కల మీద దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద నొక్కించారు. తర్వాత ఆ అక్షరాలను చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. పెద్దవాళ్ళు చదివేటప్పుడు పనిచేసే భాగాలు, పిల్లలు సొంతంగా రాసిన అక్షరాలను చూసినప్పుడే బాగా స్పందించాయి. సొంతంగా రాసినప్పుడు ప్రతిసారీ ఒక్కో వంకరగా వస్తుంది. అన్ని వంకరల్లోనూ ఏది మారకుండా ఉంటే అది ‘గ’ అవుతుందో పిల్ల మెదడు పట్టుకుంటుంది. చుక్కల మీద పోతే ఎప్పుడూ అదే గ.

కాబట్టి నేను రెండుసార్లు దిద్దించి, చెరిపేసి, “ఇప్పుడు నువ్వు రాయి” అంటాను. వంకరగా వస్తే రానిస్తాను.

అ-అమ్మ, ఆ-ఆవు

ఏ చార్టు చూసినా ఇవే మొదటి మాటలు. ఒకసారి చదవబోయే పిల్ల కళ్ళతో చూడండి. ‘అమ్మ’లో వత్తు ఉంది. వత్తులు నేర్పేది ఏడాది తర్వాత. ‘ఆవు’లో కొమ్ము ఉంది, అదీ మామూలు కొమ్ము కాదు. ‘వ’కు మామూలుగా పక్కన కొమ్ము తగిలిస్తే అది ‘మ’ అయి కూర్చుంటుంది, అందుకే ‘వు’లో కొమ్ము కిందినుంచి వస్తుంది. ‘ఇల్లు’లో వత్తూ కొమ్మూ రెండూ ఉన్నాయి. ‘ఉడుత’లో కొమ్ము. అచ్చుల పేజీ మొత్తంలో పిల్ల నిజంగా చదవగలిగేవి ‘ఈగ’, ‘ఊయల’ లాంటి ఒకటి రెండు మాటలే. బొమ్మ చూసి శబ్దం గుర్తు పెట్టుకోవడానికి అమ్మా ఆవూ భేషుగ్గా పనికొస్తాయి. కానీ ‘అమ్మ’ అన్న మాట చూపించి “చదువు” అంటే పిల్ల బొమ్మను చదువుతుంది.

అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ అన్న వరస మామూలు వరస కాదు. కంఠం నుంచి పెదాల దాకా శబ్దం నోట్లో ఎక్కడ పుడుతుందో దాన్ని బట్టి అమర్చింది. భాషాశాస్త్రం చదువుకున్నవాళ్ళు దాన్ని చూసి ఇప్పటికీ ముచ్చటపడతారు. అయితే అది శబ్దాల పట్టిక. దాన్ని అలాగే పాఠంగా నడిపితే, పిల్ల ఒక్క మాట చదవకముందే ఌ, ౡ, ఙ, ఞ రాయాల్సి వస్తుంది. నేను ‘ఙ’ను ఈ మధ్య వర్ణమాలలో తప్ప ఎక్కడా రాసిన గుర్తు లేదు.

ఈ చిక్కుకు విరుగుడు మన పక్కనే పుట్టింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పల్లె బడుల కోసం కార్డులతో, చిన్న చిన్న మెట్లతో నేర్పే పద్ధతిని తయారుచేశారు. 1995లో మైసూరు జిల్లా హెచ్‌.డి.కోటె టీచర్లు దాన్ని చూసి వెళ్ళి కన్నడంలో ‘నలి-కలి’ మొదలుపెట్టారు. ఆడుతూ నేర్చుకో అని అర్థం. తర్వాత అది కర్ణాటక ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 3 తరగతులకు వచ్చింది. నలి-కలిలో మొదటి అక్షరాలు అ ఆ ఇ ఈ కావు. ర, గ, స, ద, అ. ఈ ఐదూ రాగానే పిల్లలు అరస, అగస, సర, గరగస అని చదివేస్తారు. అంటే రాజు, చాకలి, హారం, రంపం. గుణింతమూ వద్దు, వత్తూ వద్దు. మొదటి వారంలోనే ‘నేను చదివాను’ అన్న సంబరం.

నేను తెలుగులో ఇలాంటి గుత్తి ఒకటి వాడతాను: ప, ల, క, వ, డ, త, ర, ద, గ. ఈ తొమ్మిదింటితో వల, తల, వడ, పలక, పడవ, గడప, వరద, తలగడ వస్తాయి. పక్కన ఒక సున్న చేరిస్తే కంద, గంప. ఇంకో ‘ట’ చేరిస్తే వంట, పంట, గంట. ‘తలగడ’ చదివిన రోజున ఓ పాప ఇంటికి పరుగెత్తి తలగడ పట్టుకొచ్చింది.

కవల అక్షరాలు

తెలుగులో పిల్లలు తికమకపడే తీరు ఇంగ్లీషులో పడే తీరు కాదు. ఇంగ్లీషులో ‘బి’, ‘డి’ చిన్నబడి అక్షరాలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మ. కుర్చీని ఎటు తిప్పినా కుర్చీయే అని నేర్చుకున్న కన్ను, అక్షరాన్ని తిప్పితే వేరే అక్షరమవుతుందంటే ఒప్పుకోదు. ఏడేళ్ళ దాకా అలా తిరగరాయడం మామూలే. మన లిపిలో అద్దం కవలలు లేనట్టే. మన కవలలకు తేడా ఒక చుక్క, ఒక గంటు, ఒక తోక. ద, ధ, థ. ప, ఫ, ష. వ, మ, య. బ, భ. ఒ, ఓ.

వీటిలో వత్తక్షరాల చిక్కు కంటిది మాత్రమే కాదు, చెవిది కూడా. మనం మాట్లాడేటప్పుడు ద, ధ మధ్య తేడా పలికేది ఎంతమంది? చెవికి వినబడని తేడాను కంటితో పట్టుకోమని ఐదేళ్ళ పిల్లను అడుగుతున్నాం. ‘విధ్యార్థి’ అని పెద్ద అక్షరాలతో రాసిన ట్యూషన్ బోర్డులు నేను బోలెడు చూశాను. కాబట్టి కవలలను ఒకే వారంలో పరిచయం చేయకండి. ‘ద’ గట్టిపడ్డాక నెలో రెండు నెలలో ఆగి ‘ధ’ తెండి. వర్ణమాల వరస ద, ధలను పక్కపక్కనే నిలబెట్టడం పండితుడికి సుఖం, పిల్లకు కష్టం.

బెంగళూరులో ఇంకో కవల ఉంది, ఇదే అన్నిటికన్నా పెద్దది. కన్నడ లిపి. లిపి శాస్త్రంలో దీన్ని ‘తెలుగు-కన్నడ లిపి’ అనే అంటారు. వందల ఏళ్ళు రెండు భాషలకూ ఒకే లిపి. 13వ శతాబ్దం తర్వాత మెల్లగా దారులు చీలి, 19వ శతాబ్దంలో అచ్చుయంత్రాలు వచ్చాక తేడాలు స్థిరపడ్డాయి. 2015 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ఇక్కడి బడుల్లో కన్నడం మొదటి భాషగానో రెండో భాషగానో నేర్చుకోవాలి. అంటే మన పిల్లలు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, రెండు చోట్లా ఇంగ్లీషు.

మొన్న మా పక్కింటి పాపతో బస్‌స్టాప్‌లో నిలబడితే, బస్సు నుదుటి మీద కన్నడంలో ఉన్న ‘మారతహళ్ళి’ని నేను నేర్పిన తెలుగుతో చదవబోయింది. ‘మా’ అంది, ‘ర’ అంది. ‘త’ దగ్గర ఆగింది, అది మన త లాగా ఉండదు. ‘హ’ దగ్గర మళ్ళీ తడబడింది. ‘ళ్ళి’ మాత్రం ఠక్కున అనేసింది. “ఆంటీ, వీళ్ళు తెలుగు తప్పుగా రాశారు” అని తీర్పు కూడా ఇచ్చింది. (కన్నడిగులెవరూ వినలేదు, బతికిపోయాం.)

గ, ద, న, ర, బ, ల, ళ లాంటివి రెంటిలోనూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. త, క, శ, హ దూరమయ్యాయి. అన్నిటికన్నా తేలిగ్గా కనబడే గుర్తు తలకట్టు. మనది సరి టిక్కులాగా ఉంటుంది, కన్నడంలో తల మీద అడ్డగీత పడి కుడి చివర వంగుతుంది. నేను పిల్లలకు “తెలుగు అక్షరం టిక్కు పెట్టుకుంటుంది, కన్నడ అక్షరం టోపీ పెట్టుకుంటుంది” అని చెబుతాను. దీర్ఘాల్లో కన్నడం మనకన్నా క్రమంగా ఉంటుంది. కీ, కే, కో మూడింటికీ అక్షరం పక్కన ఒకే దీర్ఘం గుర్తు చేరుస్తారు. మనం మూడింటికీ మూడు రకాలుగా తల మీదే మారుస్తాం. మనం గుణింతం అనేదాన్ని వాళ్ళు కాగుణిత అంటారు, గుడిని గుడిసు, కొమ్మును కొంబు అంటారు. ఒక దాంట్లో గుణింతం సూత్రం పట్టుబడిన పిల్లకు రెండోది సగం వచ్చినట్టే.

రెండూ ఒకేసారి మొదలుపెట్టాలా అని అడుగుతుంటారు. నా మటుకు నేను వద్దంటాను. బడిలో కన్నడ అక్షరాలు మొదలైతే, తెలుగు అక్షరాలను ఓ ఆరు నెలలు ఆపండి. ఆ ఆరు నెలలూ తెలుగు కథలు చెప్పండి, పాటలు పాడండి, పొడుపు కథలు విప్పించండి. శబ్దం చెవిలో పడుతూ ఉంటే లిపి ఎక్కడికీ పోదు.

గుణింతం అనే అసలు గుమ్మం

ఇంగ్లీషు అక్షరాలు 26 అయిపోతే పెద్ద గండం గడిచినట్టు. మనకు పాత లెక్కలో 56 రాసినా గండం అప్పుడే మొదలవుతుంది. 35 హల్లులకు ఒక్కోదానికి 12 గుణింతాలు వేసుకున్నా 420 రూపాలు. పైన వత్తులు. అందులో త, న, మ, య, ర, ల వత్తులు తమ అక్షరాన్ని పోలవు కూడా. కన్నడం చదివే పిల్లల మీద పరిశోధకురాలు సోనాలి నాగ్ చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. ఇంగ్లీషు అక్షరాలు చప్పున వచ్చేసినట్టు మన లిపుల అక్షరాలు రావని, ఆ నేర్చుకోవడం ప్రాథమిక తరగతుల్లో ఏళ్ళ తరబడి సాగుతుందని అందులో తేలింది. ఒకటో తరగతి చివర “ఇంకా పూర్తిగా రాలేదు” అని కంగారుపడే అమ్మానాన్నలకు నేను ముందు చెప్పేది ఇదే.

అన్ని రూపాలూ బట్టీ పట్టించాల్సిన పని లేదు. పిల్లకు తెలియాల్సింది ఒక్క రహస్యం: ‘క’ అంటే ఒకే శబ్దం కాదు, దాని కడుపులో ‘అ’ దాక్కుని ఉంది. ఆ అ తీసేసి ఇ పెడితే కి. పిల్లలకు మాటను ప-ల-క అని మూడు ముక్కలు చేయడం చిన్నప్పుడే వస్తుంది, చప్పట్లు కొట్టిస్తే చాలు. కానీ ‘క’ను క్, అ అని చీల్చడం ఆలస్యంగా వస్తుంది. నేను పలక మీద క రాసి, తలకట్టు మాత్రం వేలితో చెరిపి, అక్కడ గుడి కట్టిస్తాను. తలకట్టు పోయింది, అ పోయింది, గుడి వచ్చింది, ఇ వచ్చింది. ఇలా చెబితే చక్కగా ఎక్కుతుంది. తీరా ‘కు’ దగ్గరికొస్తే తలకట్టు ఉండగానే కొమ్ము వస్తుంది. జ, ట, ణ, బ, ల లకు అసలు తలకట్టే లేదు. తెలివైన పిల్లలు ఇక్కడ నిలదీస్తారు. “అది కొంచెం మొండిది” అని చెప్పి ముందుకు పోతాను. అంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

ఎనిమిదేళ్ళొచ్చినా, బాగా చెప్పేవాళ్ళున్నా, అక్షరాలు ఇవాళ వచ్చి రేపు చెరిగిపోతుంటే మాత్రం సోమరితనమని తిట్టకండి. ముందు కళ్ళు, చెవులు చూపించండి. అవి బాగుంటే డిస్లెక్సియా లాంటి నేర్చుకునే ఇబ్బంది ఉందేమో పరీక్ష చేయించాలి. బెంగళూరులో నిమ్‌హాన్స్ ఆసుపత్రిలో ఆ పరీక్షలు చేస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించింది. తేలితే పరీక్షల్లో వెసులుబాట్లు అడగవచ్చు.

తీర్పు ఇచ్చిన ఆ పక్కింటి పాపకు ఇప్పుడు ఆరేళ్ళు. పోయిన వారం వాళ్ళింటి ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించింది. వాళ్ళమ్మ ఫొటో తీసి “దీనర్థమేంటి ఆంటీ?” అని పంపింది. చీటీలో ‘పల కవల’ అని ఉంది. రెండుసార్లు పైకి చదివాక నాకు వెలిగింది. పాలు కావాలి. దీర్ఘం లేదు, కొమ్ము లేదు, గుడి లేదు. చేతికి వచ్చిన నాలుగు అక్షరాలతోనే పని కానిచ్చింది. పాలు పోసిమ్మని, చీటీ మాత్రం దిద్దొద్దని వాళ్ళమ్మకు చెప్పాను. దీర్ఘం రాసే పాఠం వచ్చే ఆదివారం.